మాజులి సత్రం మోడల్ (1:100): పని డైరీ

ఏం కడుతున్నాం, దేన్ని వదిలేశాం

అస్సాం వైష్ణవ మఠాలను సత్రాలంటారు. శ్రీమంత శంకరదేవుడు (1449–1568), ఆయన శిష్యుడు మాధవదేవుడు (1489–1596) నడిపిన ఏకశరణ నామధర్మం, అంటే ఒకే దేవుణ్ని శరణు కోరి నామం పాడే భక్తి మార్గం, వీటిలో స్థిరపడింది. ఈ మోడల్ ఏ ఒక్క సత్రానికీ నకలు కాదు. బ్రహ్మపుత్ర నడుమ ఉన్న మాజులి ద్వీపంలోని ఉదాసీన సత్రాలు, అంటే బ్రహ్మచారులైన భకత్‌లు ఉండే మఠాలు, సాధారణంగా ఎలా అమరి ఉంటాయో ఆ ప్రణాళికను 1:100లో చూపించే ప్రయత్నం. 1 సెం.మీ. అంటే 1 మీటరు. లెక్క సులువు, అందుకే ఆ స్కేలు.

సత్రాల్లో నేను టేపు పట్టుకుని కొలవలేదు. ప్రార్థన జరిగే చోట అది బాగుండదు. స్తంభం నుంచి స్తంభానికి అడుగులతో వేసుకున్న అంచనా, ఫొటోలు, అక్కడి భకత్‌లు చెప్పిన మాటలు, ఇవే ఆధారం. కాబట్టి కింద ఇచ్చిన సెంటీమీటర్లన్నీ ఈ మోడల్‌కి నేను ఖాయం చేసుకున్నవి. వాటిని ఫలానా సత్రం కొలతలు అనుకోవద్దు.

స్థూలంగా అమరిక ఇది:

1. మధ్యలో నామ్‌ఘర్. దీన్నే కీర్తన్‌ఘర్ అనీ అంటారు. తూర్పు పడమరలుగా పొడుగ్గా ఉండే హాలు.
2. దాని తూర్పు చివర మణికూట్. గ్రంథాలు, విలువైన పూజా సామగ్రి, విగ్రహం ఉన్న సత్రాల్లో విగ్రహం, అన్నీ ఇక్కడే.
3. చుట్టూ నాలుగు వైపులా హాటీలు, అంటే భకత్‌ల గదుల వరుసలు. నాలుగు కలిపి చారి హాటి.
4. దారి మొదట్లో బాట్‌సొరా. దీనికే కరాపాట్ అని మరో పేరు. వచ్చినవాళ్లను ఆదరించి కూర్చోబెట్టే ప్రవేశ మండపం.
5. హాటీల వెనక చెరువులు, పెరడు, ధాన్యం కొట్టు.

మన గుళ్లు చూసి పెరిగినవాళ్లం ఏ గుడి ప్లాను గీసినా గర్భగుడితో మొదలుపెడతాం. మండపం, ధ్వజస్తంభం, ప్రాకారం దాని చుట్టూ వచ్చి చేరతాయి. సత్రానికి ఆ పద్ధతి పనికిరాదు. ఇక్కడ ముందు తేల్చాల్సింది జనం కూర్చునే హాలు. ఎంతమంది ఎదురెదురు వరుసల్లో కూర్చుని నామం పాడతారు, వాళ్ల మధ్య ఎంత నేల ఖాళీగా ఉండాలి అన్నది తేలాకే మిగతా కొలతలన్నీ పుడతాయి. డైరీ పొడవునా జరిగిన మార్పుల్లో సగం దీనివల్లే.

దశ 1: పీఠం

120 × 120 సెం.మీ. పీఠం. 12 మి.మీ. ప్లైవుడ్ తెస్తే అది ఒక్కటే పది కిలోలు దాటింది. ఒక మనిషి మెట్ల మీద మోయలేడు. 9 మి.మీ.కి దిగాను. బరువు 8 కిలోల లోపుకు వచ్చింది గానీ పల్చటి ప్లై తడి తగిలితే వంగుతుంది. దాని కోసం అడుగున 25 × 12 మి.మీ. రీపులు, 30 సెం.మీ.కి ఒకటి చొప్పున స్క్రూలతో బిగించాను. జిగురొక్కటే చాలదు. నేల రంగు వేసిన మర్నాడు జిగురు వదిలి, ఒక మూల 5 మి.మీ. పైకి లేచింది. స్క్రూలు వేశాక లేవలేదు.

రవాణా కోసం పీఠాన్ని ముక్కలు చేయాలి. అందరూ చేసేది నాలుగు సమాన చతురస్రాలు. ఇక్కడ అది కుదరదు. అతుకు గీత సరిగ్గా నామ్‌ఘర్ నడిమధ్య నుంచి పోతుంది. హాలు రెండుగా చీలితే ఇక మోడల్ ఎందుకు? అందుకని మూడు పట్టీలుగా కోశాను: ఒక్కొక్కటి 120 × 40, పొడవు తూర్పు పడమరలుగా. నామ్‌ఘర్, మణికూట్, బాట్‌సొరా మూడూ మధ్య పట్టీ మీదే చెక్కుచెదరకుండా ఉంటాయి. ఉత్తర దక్షిణ హాటీలు పక్క పట్టీల మీద. తూర్పు పడమర హాటీలు మాత్రం మూడు పట్టీలనూ దాటతాయి. వాటి సంగతి దశ 5లో.

1. ప్లై మీద పెన్సిల్‌తో తూర్పు పడమరల నడి గీత గీయండి. ఇదే మొత్తం పనికి దారం.
2. అంచుల నుంచి 20 సెం.మీ. లోపలికి 80 × 80 చదరం గీయండి. ఇది హాటీల మధ్య ముంగిలి.
3. ఆ తర్వాతే పట్టీలు కోయండి. ముందు కోసి తర్వాత గీస్తే రంపం తిన్న మందం, నా రంపానికి 1.5 మి.మీ., చదరంలో తేడాగా తేలుతుంది.
4. పట్టీలను కలపడానికి పక్క నుంచి 8 మి.మీ. చెక్క మేకులు, అడుగున హుక్కులు.

ఖర్చు: ప్లై 1,150, రీపులు 240, స్క్రూలు, హుక్కులు 60. ఇప్పటివరకు: రూ. 1,450.

దశ 2: నామ్‌ఘర్ నేల, స్తంభాలు

ఎక్కువ కాలం పట్టింది ఇక్కడే.

నామ్‌ఘర్ లోపల రెండు వరుసల స్తంభాలు హాలును మూడు పాయలుగా విడదీస్తాయి. నడుమ వెడల్పు పాయ, అటూ ఇటూ సన్న పాయలు. మొదటి కాగితం ప్లానులో నడిమి పాయ 5, పక్క పాయలు 4 చొప్పున, మొత్తం 13 సెం.మీ. వెడల్పు. కాగితం మీద చూడ్డానికి బాగానే ఉంది. పొణికి చెక్క ముక్కలు 8 మి.మీ. ఎత్తున కోసి కూర్చున్న భకత్‌లుగా వరుసకు పెట్టి చూస్తే అసలు సమస్య బయటపడింది. రెండు వరుసలు స్తంభాలను ఆనుకుని చెరో 1 సెం.మీ. తినేశాయి. మధ్యలో మిగిలింది 3, అంటే అసలు హాల్లో 3 మీటర్లు.

నామప్రసంగానికి, అంటే కూర్చుని నామం పాడడానికి, అది చాలు. కానీ ఇదే హాల్లో భావనా ఆడతారు. శంకరదేవుడు మొదలుపెట్టిన అంకియా నాటకాల ప్రదర్శన అది. పడమటి వైపు తొమ్మిది దీపాల అగ్నిగఢ తోరణం నిలబెడతారు. ఇద్దరు తెల్లటి తెర పట్టుకుంటారు. తెర దించగానే గాయన్ బాయన్‌లు, అంటే పాటగాళ్లు, ఖోల్ అనే మృదంగం వాయించేవాళ్లు, అడుగులు వేస్తూ తూర్పు వైపుకు కదులుతారు. ఖోల్ మెడలో వేసుకుని గిర్రున తిరిగే జంటలు పక్కపక్కన నిలబడాలంటే 3 మీటర్లు ఏ మూలకూ చాలదు. 2000లో సంగీత నాటక అకాడమీ శాస్త్రీయ నృత్యంగా గుర్తించిన సత్రియా పుట్టింది ఈ నేల మీదే. ఆ నేలను ఇరుకు చేసి మోడల్ కడితే సత్రం అర్థమే పోతుంది. నడిమి పాయను 7కు పెంచాను. పక్క పాయలు 4 చొప్పునే ఉంచాను. వెడల్పు 15 అయింది.

వెడల్పు మారగానే కప్పు ఎత్తు మారింది, మణికూట్ మారింది, బాట్‌సొరా వెడల్పు మారింది. ముందు మణికూట్ కట్టేసి ఉంటే అన్నీ విప్పాల్సి వచ్చేది.

ఖాయమైన కొలతలు (సెం.మీ.):

- నేరు భాగం పొడవు 36, వెడల్పు 15
- పడమటి చివర అర్ధవృత్తం, వ్యాసార్ధం 7.5
- అరుగు ఎత్తు 0.6
- స్తంభానికీ స్తంభానికీ 4
- లోపలి స్తంభాలు వరుసకు 10, ఎత్తు 6.9
- బయటి స్తంభాలు వరుసకు 10, ఎత్తు 3.5
- అర్ధవృత్తంలో 4

మొత్తం 44 స్తంభాలు.

అర్ధవృత్తం గురించి రెండు మాటలు. పాత నామ్‌ఘర్లలో పడమటి చివర గుండ్రంగా తిరిగి, దాని మీద కప్పు సగం గొడుగులా దిగుతుంది. దాన్ని టూప్ అంటారు. వంపు పొడవు 23.6 సెం.మీ. మిగతాచోట్ల లాగే 4 సెం.మీ. దూరం పాటిద్దామని ఆరు భాగాలు చేస్తే ఐదు స్తంభాలొచ్చాయి, అందులో మూడోది సరిగ్గా వాకిలి మధ్యలో నిలబడింది. ఐదు భాగాలు చేశాను. నాలుగు స్తంభాలు, మధ్యన 4.7 సెం.మీ. వాకిలి. భాగానికి 36 డిగ్రీలు.

స్తంభాలకు వాడింది కబాబ్ వెదురు పుల్లలు. ప్యాకెట్ మీద 4 మి.మీ. అని ఉంటుంది. వెర్నియర్ పెట్టి చూస్తే 3.6 నుంచి 4.3 దాకా ఉన్నాయి. రంధ్రాలు 4కి వేస్తే కొన్ని దిగవు, కొన్ని ఊగుతాయి. పరిష్కారం: ముందుగా పుల్లలన్నీ కొలిచి 3.9 నుంచి 4.1 మధ్యవి లోపలి వరుసలకు ఏరుకోండి. సన్నవి బయటి వరుసలకు. లావువాటిని ఉప్పు కాగితంతో దించొచ్చు గానీ వెదురు పీచు లేస్తుంది.

చేతి డ్రిల్లుతో నేరుగా అరుగులోకి రంధ్రాలు వేస్తే స్తంభాలు తలో దిక్కుకు వాలాయి. 6.9 సెం.మీ. ఎత్తులో 2 మి.మీ. వాలినా వరుస మొత్తం తప్పుగా కనిపిస్తుంది. మార్చిన పద్ధతి:

1. 3 మి.మీ. ప్లై మీద స్తంభాల స్థానాలన్నీ గుర్తించి నిలువు డ్రిల్లు స్టాండుతో రంధ్రాలు వేయండి. ఇది అచ్చు.
2. అరుగు ప్లై (6 మి.మీ.) మీద అచ్చు పెట్టి క్లాంపులతో బిగించి, అచ్చులోంచే డ్రిల్లు దించండి.
3. అచ్చును తీసేయకండి. 4 సెం.మీ. ఎత్తులో చెక్క దిమ్మెల మీద ఆనించి, లోపలి స్తంభాలను ముందు అచ్చులోంచి, తర్వాత అరుగులోకి దించండి. రెండు చోట్ల పట్టు దొరుకుతుంది కాబట్టి నిటారుగా ఉంటాయి.
4. తెల్ల జిగురు ఆరాక అచ్చును పైనుంచి లాగేయండి. తర్వాతే బయటి స్తంభాలు.

లోపలి స్తంభాల్లో ప్రధానమైనదాన్ని లైఖుటా అంటారు. దానికి గౌరవం ఎక్కువ. మోడల్లో ఆ ఒక్కదాన్నీ 5 మి.మీ. టేకు కడ్డీతో చేశాను.

గోడల విషయంలో సగం ఎత్తు వరకే అల్లిక పెట్టి పైన ఖాళీ వదిలాను. సత్రాల్లో రోజుకు పద్నాలుగు నామప్రసంగాలు జరిగే సంప్రదాయం ఉంది. తెల్లవారుజాము నుంచి రాత్రి దాకా మనుషులుండే హాలు అది. గాలీ వెలుతురూ రాకుండా మూసేస్తే మోడల్ గోదాములా కనిపిస్తుంది.

ఖర్చు: పుల్లలు, టేకు కడ్డీ 130, అచ్చు ప్లై, అట్ట 90, జిగురు 220. ఇప్పటివరకు: రూ. 1,890.

దశ 3: కప్పు

వాలు 40 డిగ్రీలు. మాజులి వానలకు వాలు బాగా ఉండాలి. చూరు 1.2 సెం.మీ. ముందుకు. లెక్క వేసుకుంటే బయటి స్తంభం 3.5, లోపలిది 6.9, కొప్పు 9.8 సెం.మీ. ఎత్తున వస్తాయి. కొప్పు నుంచి చూరు దాకా వాసం పొడవు 11.4.

పాతకాలంలో గడ్డి కప్పు. ఇప్పుడు ఎక్కువగా ముడతల రేకులే. మొదట గడ్డి అనుకుని కొబ్బరి పీచు పరిచి చూశాను. 1:100లో ఒక్కో పీచు వాసమంత లావుగా కనిపించింది. తీసేశాను. రేకుల కోసం స్టేషనరీ షాపులో దొరికే ముడతల కాగితం తెచ్చాను. దాని ముడత ముడతకూ 3.5 మి.మీ. అసలు రేకులో అది సుమారు 76 మి.మీ. అంటే మోడల్లో 0.76 రావాలి. ముడతల కాగితం వేస్తే ఇంటి కప్పు మీద కాలువలు తవ్వినట్టుంది. అదీ పక్కన పెట్టాను.

పని చేసిన పద్ధతి ఇది. ఎవరైనా రేకుల ఇల్లు మోడల్ చేస్తుంటే ఇది తీసుకోండి:

1. హార్డ్‌వేర్ షాపులో ఎం5 మరచుట్ల కడ్డీ తీసుకోండి. దాని మర మరకూ 0.8 మి.మీ. మనకు కావాల్సిన దూరానికి చాలా దగ్గర.
2. భోజనం పార్శిల్ అల్యూమినియం డబ్బాల అడుగు భాగం కోసి చదును చేయండి. ఇంట్లో చుట్టే పల్చటి ఫాయిల్ చిరిగిపోతుంది.
3. కింద మెత్తటి రబ్బరు షీటు, పైన అల్యూమినియం. కడ్డీని గట్టిగా అదిమి ఒకసారే దొర్లించండి. వెనక్కి తేవద్దు, గీతలు రెండుగా పడతాయి.
4. మరచుట్టు వాలు వల్ల గీతలు సుమారు 3 డిగ్రీలు పక్కకు ఒరుగుతాయి. రేకును ఆ మేరకు తిప్పి కోయండి.
5. ముక్కలు 8 × 30 మి.మీ. కింది వరుస ముందు, పై వరుస దాని మీద 2 మి.మీ. ఎక్కేలా.

టూప్ కప్పు అర్ధ శంఖువు. 40 డిగ్రీల వాలుకు విప్పి గీస్తే 11.4 సెం.మీ. వ్యాసార్ధంతో 138 డిగ్రీల విసనకర్ర ఆకారం. అట్టతో చేస్తే ఇంపుగా తిరిగింది. దాని మీద ముడతల రేకు మాత్రం తిరగదు. ముడతలు ఒక దిక్కుకు నిటారుగా పోతాయి గనుక వంపు తిప్పగానే అంచులు లేస్తాయి. పది త్రికోణాలుగా కోశాను, ఒక్కొక్కటి 13.8 డిగ్రీలు, చూరు దగ్గర వెడల్పు 2.7 సెం.మీ. అతుకుల మీద సన్న కాగితం పట్టీ. స్తంభాల మీద వాసాలు ఐదు భాగాలుగా ఉన్నాయి కాబట్టి రెండు త్రికోణాలకు ఒక వాసం పడుతుంది. లోపలి నుంచి చూసినా లెక్క కుదిరింది.

కప్పు ఎత్తి లోపల చూపించాలి. అందుకని నేరు భాగం, టూప్ కలిపి ఒకే ముక్కగా చేశాను. అట్ట పైభాగానికి మాత్రం రంగు పూసి ఆరబెడితే మధ్యలో 4 మి.మీ. వంగింది. రెండు వైపులా రంగు వేసి, లోపల కొప్పు కింద 3 × 5 మి.మీ. చెక్క పట్టీ అతికించాక సరి అయింది. కప్పు ఎత్తేటప్పుడు చూరు పట్టుకోకుండా కొప్పు దగ్గర పట్టుకోవాలని పీఠం అంచున రాసి పెట్టాను.

ఖర్చు: మర కడ్డీ 40, డబ్బాలు 120, పనికిరాని ముడతల కాగితం 60, రంగు 140. ఇప్పటివరకు: రూ. 2,250.

దశ 4: మణికూట్, గురు ఆసనం

మణికూట్ 9 × 8 సెం.మీ. గోడలు మందంగా, 3 మి.మీ. వాకిలి పడమటికి, నామ్‌ఘర్ లోకి తెరుచుకుంటుంది. కప్పు వేరు. ఇందులో పెద్దగా ఇబ్బంది రాలేదు.

ఏ సత్రం పద్ధతిలో పెట్టాలన్నది మాత్రం ఆలోచించాల్సి వచ్చింది. శంకరదేవుడి తర్వాత సత్రాలు బ్రహ్మ, పురుష, నికా, కాల అని నాలుగు సంహతులుగా, అంటే శాఖలుగా, విడిపోయాయి. 1653లో అహోం రాజు జయధ్వజ సింహుడి ఆదరణతో ఏర్పడిన ఆవునియాటి సత్రం బ్రహ్మ సంహతికి చెందినది. అక్కడ గోవిందుడి విగ్రహం ఉంది. నికా సంహతి సత్రాల్లో, కమలాబారి వంటివాటిలో, విగ్రహం ఉండదు. ఆసనం మీద గ్రంథమే. మోడల్‌కి ఈ రెండో పద్ధతి తీసుకున్నాను. మన పోతన తెలుగులో చెప్పిన భాగవతాన్నే దాదాపు అదే కాలంలో శంకరదేవుడు అస్సామీ జనం నోటికి అందించాడు. ఆ పుస్తకాన్ని అంత ఎత్తైన చోట కూర్చోబెట్టిన తీరు తెలుగువాళ్లకు ముందుగా చూపించాలనిపించింది.

గురు ఆసనం కొన్నిచోట్ల మణికూట్‌లో, కొన్నిచోట్ల హాలు తూర్పు చివర ఉంటుంది. నేను హాల్లో పెట్టాను, కప్పు ఎత్తగానే కనిపించేలా. ఏడు అంతస్తుల చెక్క సింహాసనం. పైకి పోయేకొద్దీ చిన్నదవుతుంది. మూలల్లో తాబేలు, దాని మీద ఏనుగు, ఆ పైన సింహం చెక్కుతారు.

1:100లో: 3 మి.మీ. ప్లై చదరాలు ఏడు. పక్క 24, 21, 18, 15, 12, 9, 6 మి.మీ. ఒకదాని మీద ఒకటి. ఎత్తు 21 మి.మీ. ఈ పరిమాణంలో సింహం 3 మి.మీ. కూడా రాదు. చెక్కితే బియ్యం నూకలా కనిపించింది. అందుకని ఆసనాన్ని విడిగా 1:20లో మరొకటి చేసి మోడల్ పక్కన పెడుతున్నాను. అంతస్తుల పక్కలు 12, 10.5, 9, 7.5, 6, 4.5, 3 సెం.మీ. ఒక్కోటి 1.5 ఎత్తు. మొత్తం 10.5.

బొమ్మలకు టేకు వాడితే ఏనుగు తొండం దగ్గర రేఖ వెంట విరిగింది. కొండపల్లి వెళ్లి తెల్ల పొణికి చెక్క తెచ్చాను. మాది విజయవాడే కాబట్టి దగ్గర. ఉలికి వెన్నలా లొంగుతుంది. చెక్క ఇచ్చిన పెద్దాయన ముందే చెప్పారు: "బాబూ, ఇది ఇంకా పచ్చిగానే ఉంది. చెమ్మ పోకుండా చెక్కితే రంగేసినాక పగులుద్ది. నీడన ఆరనివ్వండి, ఆపైన సన్న సెగ చూపించండి." ఆయన అన్నట్టే చేసిన ముక్కలు నిలిచాయి. సెగ చూపించకుండా చెక్కిన ఒక తాబేలు డిప్ప మీద నిలువునా గీత విచ్చింది.

1. తాబేలు, ఏనుగు, సింహం మూడూ విడివిడిగా చెక్కండి. ఒకే దిమ్మెలో చెక్కబోతే ఏనుగు కాళ్ల మధ్యకు ఉలి దూరదు.
2. అతకడానికి, జూలు, చెవులు దిద్దడానికి మక్కు. చింతగింజల పొడి జిగురు, రంపపు పొట్టు కలిపిన ముద్ద. కొండపల్లిలో వాడేది ఇదే.
3. మక్కు పూర్తిగా ఆరాక ఆకురాయి, తర్వాత ఉప్పు కాగితం.
4. సుద్ద పూత. దాని మీదే రంగులు. సుద్ద వేయకుండా పూసిన ఎరుపును పొణికి పీల్చేసి మట్టిరంగు చేసింది.

అడుగు అంతస్తు నాలుగు మూలల్లోనే పూర్తి బొమ్మలు పెట్టాను. పై అంతస్తుల్లో సింహాలు మాత్రమే. అవీ పలక మీద గీసి సన్న రంపంతో కోసినవి. చేతి వేగం చూసుకుని తీసుకున్న నిర్ణయం ఇది. సమయం ఉన్నవాళ్లు అన్నీ చెక్కండి.

ఖర్చు: పొణికి 400, సన్న ప్లై 150, రంగులు, మక్కు సామాను 310. ఇప్పటివరకు: రూ. 3,110.

దశ 5: హాటీలు

భకత్‌ల నివాసాన్ని బహా అంటారు. ఒక్కో యూనిట్ 6 సెం.మీ. వెడల్పు, 8 లోతు, ముంగిలి వైపు 1.5 సెం.మీ. వసారా. వరుసంతటికీ ఒకే కప్పు. ఎవరి గదిలో వాళ్లుంటారు గానీ గుమ్మాలన్నీ నామ్‌ఘర్ వైపే. అందుకే వసారాలను బయటి వైపుకు తిప్పకండి. స్థలం కలిసొస్తుందని ఒక ప్లానులో అలా తిప్పి చూస్తే ముంగిలి చుట్టూ మొండి గోడలే మిగిలాయి.

పట్టీల అతుకులు ఉత్తరపు అంచు నుంచి 40, 80 సెం.మీ. దగ్గర పడతాయి. తూర్పు పడమర హాటీలను 20 నుంచి 6 చొప్పున వరుసగా పేర్చుకుంటూ పోతే నాలుగో గది 38 నుంచి 44 దాకా వచ్చి అతుకు మీద కూర్చుంటుంది. ప్రతిసారీ ఇల్లు విరిచి మోయాల్సిందే. అతుకుల దగ్గర సందులు వదిలాను. భకత్‌లు పెరట్లోకి, చెరువుకు పోవడానికి సందులు ఎలాగూ కావాలి కాబట్టి ప్లానుకు నష్టం లేదు.

- ఉత్తరం: 13 గదులు
- దక్షిణం: 13 గదులు
- పడమర: 3, సందు, 2, ప్రవేశం (8 సెం.మీ.), 2, సందు, 3. మొత్తం 10
- తూర్పు: 3, సందు, 2, సత్రాధికార్ (సత్రం పెద్ద) నివాసం (12 సెం.మీ.), 2, సందు, 3. మొత్తం 10

కలిపి 46 గదులు, సత్రాధికార్ ఇల్లు అదనం. ఆ ఇంటి స్థానం అన్ని సత్రాల్లో ఒకేలా ఉండదు. ఇది ఈ మోడల్ అమరిక. నాలుగు హాటీలూ లేకుండా రెండు వరుసలే ఉన్న సత్రాలూ ఉన్నాయి. స్థలం తక్కువైతే ఉత్తర దక్షిణాలు మాత్రం చేసుకోవచ్చు.

46 గదులూ విడివిడిగా కట్టడం దండగ. 2 మి.మీ. అట్టతో పొడవు గోడలు కోసి, అడ్డగోడలకు సగం లోతు గాట్లు పెట్టి ఒకదానిలో ఒకటి దూర్చాను. గాటు వెడల్పు 2 మి.మీ. పెడితే అట్ట నలిగింది. 2.2 పెట్టండి. తలుపులన్నీ ఒకే తీరున అచ్చు వేసినట్టుంటే నిర్జీవంగా అనిపించింది. మనుషులుండే చోటు కదా. కొన్ని సగం తెరిచి, కొన్ని వసారాల్లో దారం మీద తెల్ల ధోవతులు ఆరేశాను.

ఖర్చు: అట్ట 260, ఇంకొన్ని అల్యూమినియం డబ్బాలు 80. ఇప్పటివరకు: రూ. 3,450.

దశ 6: బాట్‌సొరా, మిగతావి

బాట్‌సొరాను మన గోపురం లాగా ఎత్తు చేయాలనిపిస్తుంది. వద్దు. ఇది గోడలు లేని, నాలుగు వైపులా తెరిచిన మండపం. కొప్పు 5.5 సెం.మీ. దాటనివ్వలేదు. నామ్‌ఘర్ కొప్పు 9.8. ముందు నుంచి చూసినప్పుడు బాట్‌సొరా మీదుగా టూప్ గుండ్రదనం కనిపించాలి. పడమటి అంచు నుంచి 3 సెం.మీ. లోపల, నడి గీత మీద పెట్టాను. వచ్చినవాడు పడమర నుంచి లోపలికి నడుస్తాడు, ఎదురుగా తూర్పున ఆసనం. మన వైష్ణవ ఆలయాల్లో చాలావరకు దేవుడు తూర్పుకు చూస్తాడు, మనం పడమటికి తిరిగి దండం పెడతాం. ఇక్కడ అది తారుమారు. అందుకని పీఠం మీద ఉత్తరం బాణం పెద్దదిగా వేయండి. లేకపోతే చూసినవాళ్లు పొరపాటున మోడల్‌ను తిప్పి పెడతారు.

నామ్‌ఘర్ పక్కన ఛోఘర్ చేర్చాను. భావనా ఆడేవాళ్లు వేషాలు కట్టుకునే గది, ముఖాలు, అంటే నటులు తొడుక్కునే మాస్కులు, భద్రపరిచే చోటు. ఇది వదిలేస్తే అగ్నిగఢ తోరణం దగ్గరికి నటులు ఎక్కడి నుంచి వస్తారో అర్థం కాదు. మాజులిలో ముఖాల తయారీకి సామగురి సత్రం పేరుపొందింది. వెదురు అల్లిక మీద గుడ్డ, మట్టి, పేడ పూసి చేస్తారు. మాజులి ముఖాలకు 2024లో భౌగోళిక గుర్తింపు (జీఐ) వచ్చింది. 1:100లో ముఖం చేయలేం. గది గోడకు ఆనించి రంగు చుక్కలు పెట్టి సరిపెట్టాను.

చెరువుకు రెసిన్ ఒకేసారి 6 మి.మీ. లోతు పోస్తే వేడెక్కి బుడగలొచ్చాయి. 2 మి.మీ. చొప్పున పొరలుగా పోయండి. పోకచెట్లకు రాగి తీగ, పచ్చ కాగితం.

ఖర్చు: రెసిన్, తీగ, కాగితం, మట్టి రంగు 290. ఇప్పటివరకు: రూ. 3,740. బరువు మూడు పట్టీలూ కలిపి 14 కిలోలు. మధ్య పట్టీ ఒక్కటే 6.

ఇంకా మిగిలినవి

1. కూర్చున్న భకత్‌లు. 8 మి.మీ. ముక్కలకు తెల్లరంగు వేసి, నడుమ గీత వరకు రెండు వరుసలు. ముందు వరుసలే సిద్ధమయ్యాయి.
2. హాల్లో పెద్ద డొబా ఢంకా. గాజు మందు సీసా రబ్బరు మూతతో ప్రయత్నం నడుస్తోంది. ఇప్పుడున్నది 14 మి.మీ. వ్యాసం, 10కి దించాలి.
3. అగ్నిగఢకు తొమ్మిది దీపాలు. 1.8 మి.మీ. ఎల్‌ఈడీలు తెచ్చాను. తోరణం వంపులో తీగ దాగడం లేదు. 0.2 మి.మీ. ఎనామెల్ తీగకు మారుస్తున్నాను.
4. మధ్య పట్టీకి పెట్టె. లోపలి కొలత 122 × 42 × 14 సెం.మీ. కప్పు ఊడకుండా కొప్పు మీద స్పాంజి పట్టీ ఆనాలి. ముందు పక్క పలక జారే విధంగా చేస్తున్నాను. పైనుంచి ఎత్తి తీస్తే చేతులు చూరుకే తగులుతాయి.